లారి వచ్చును: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య మొదలుపెట్టాడు కోలాచలం మల్లినాథసూరి. మెతుకుసీమ మనిషి, మాట మీద నిలబడ్డాడు. నేను పశ్చిమ మాంబళంలో ఉంటాను. వ్యాఖ్యానించబోయేది కొరియా, జపాను ప్రేమ సీరియళ్లను. వాటిలో అక్కరలేనిది మూలంలోనే సగం ఉంటుంది కాబట్టి ఆ ప్రతిజ్ఞ నా వల్ల కాదు.

అయినా ఈ పని జరిగితే చెన్నైలోనే జరగాలి. తెలుగువాళ్లకు మద్రాసంటే సినిమా కంటే ముందు అచ్చుపుస్తకం. 1854లో మొదలైన వావిళ్లవారి ముద్రణాలయం ఇక్కడిదే. ఆముక్తమాల్యదకూ శృంగారనైషధానికీ వ్యాఖ్యలు రాసిన వేదం వెంకటరాయశాస్త్రిగారు ఉన్నదీ ఇక్కడే. అంతటి ఊళ్లో ఈనాటి శృంగార ప్రబంధాలకు టీక లేకపోతే పరువు తక్కువ.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పదహారు భాగాల ప్రేమ. ప్రయోజనం: నిద్ర చెడడం. అధికారి: రాత్రి గిన్నెలు తోమడం అయిపోయి, పొద్దున ఇడ్లీకి పిండి రుబ్బి పెట్టుకున్నవారు. సంబంధం: శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్ఖానా. 1998లో అక్కణ్ణుంచి శాంత్రో కారు బయటికొచ్చిన దగ్గర్నుంచీ కొరియావాళ్లు మాకు ఇరుగుపొరుగు.

ఇక నా అర్హత. మా అత్తగారికి తెర అడుగున పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందవు. పక్కన కూర్చుని తెలుగులో చెప్పేది నేను. ఇంట్లో ఎలాగూ చేస్తున్న ఉద్యోగమే, కాగితం మీద పెడుతున్నాను.

మూలం

వాన కురియు వేళ వచ్చి గొడుగు పట్టు
చేయి పట్టి లాగు, చెప్ప డొకటి
మురిసి మనసు విప్పు ముందు వచ్చును లారి
మఱచిపోవు నతడు, మగువ యేడ్చు

పద్యం నాదే. మూలమూ టీకా ఒకరివే కావడంలో ఒక సుఖముంది: కవి హృదయం పట్టుకోలేదని ఎవరూ పోట్లాటకు రారు.

ప్రతిపదార్థం

వాన కురియు వేళ = అంతవరకు నిర్మలముగా నున్న ఆకాశము, నాయిక గొడుగు మరచి ఆఫీసు మెట్లు దిగినంతనే కురియు సమయమందు; వచ్చి = కబురంపకుండ, ఎచ్చటనుండియో వచ్చి; గొడుగు పట్టు = తన భుజము తడియునట్లుగా ఆమె వైపునకు వంచి గొడుగు పట్టును; చేయి పట్టి లాగు = వేరొకనితో మాటలాడుచున్న ఆమెను మణికట్టు పట్టి బయటికి ఈడ్చును; చెప్పడు ఒకటి = ఎందులకు ఈడ్చెనో ఒక్క ముక్కయు చెప్పడు; మురిసి = పదకొండు భాగములు గడచిన పిమ్మట తనలో తాను సంతసించి; మనసు విప్పు ముందు = ఉంగరపు పెట్టెకై జేబు తడుముకొనుచుండగా; లారి వచ్చును = హారను లేక పక్క సందునుండి లారి వచ్చును; అతడు మఱచిపోవు = ఆమెను మాత్రమే మరచును, కంపెనీలో తన వాటా యెంతయో చక్కగా జ్ఞాపకముండును; మగువ యేడ్చు = ఆసుపత్రి వసారాలో నిలిచి ఏడ్చును.

తాత్పర్యం

ప్రేమించినవాడు పనులన్నీ చేస్తాడు, మాట ఒక్కటి చెప్పడు. చెప్పబోయేసరికి కథ రాసేవారికి భయం వేస్తుంది. ఆ భయానికే లారి అని పేరు.

విశేషాంశాలు

1. నాయక విచారం. ఇతడు పెద్ద కంపెనీ వారసుడు, పొడగరి, ముక్కోపి, లోపల వెన్న. శాస్త్రప్రకారం ధీరోదాత్తుడా ధీరలలితుడా అని నేను మల్లగుల్లాలు పడుతుంటే మా అత్తగారు ఒక్క మాటలో తేల్చేశారు: "అమ్మాయ్, వీడు మన రాజశేఖరమే కదుటే!" యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నాయకుడన్నమాట. నిజమే. కారు, కోటు, కోపం, పశ్చాత్తాపం అన్నీ సరిపోయాయి. అరవైలలో ఆ నవల చదివినవాళ్లకు సియోల్ కొత్త ఊరేమీ కాదు.

2. గొడుగు. చెన్నైలో ఈ ఘట్టం నడవదు. కార్తీకమాసపు వాన ఇక్కడ అడ్డంగా కొడుతుంది. గొడుగు తిరగబడుతుంది. దురైసామి సబ్‌వేలో నీళ్లు నిలిచాక నాయకుడు రావాలంటే పడవ వేసుకు రావాలి. అయినా తడిసిన ఆ ఎడమ భుజం మీద కెమెరా నిలిచినప్పుడు మనకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఒప్పుకోవలసిందే.

3. చేయి పట్టి లాగుట. ఇది దోషం. రసదోషమో ఔచిత్యదోషమో పండితులు తేల్చుకోనీ. మణికట్టు ఆమెది. ఈ మధ్య వచ్చే నాటకాల్లో ఈ పట్టు చాలావరకు సడలింది. నాయకుడు ముందు అడుగుతున్నాడు. మన సినిమా నాయకులు కూడా ఆ భాగాలు చూస్తే మంచిది.

4. సాత్త్విక భావాలు. మొదటి ముద్దప్పుడు నాయిక కళ్లు గుండ్రంగా తెరుచుకుని, చేతులు రెండూ జారవిడిచి, కొయ్యబారి నిలబడుతుంది. ఆ అమ్మాయికి నటన రాదని కొందరి ఆక్షేపణ. తప్పు. ఎనిమిది సాత్త్విక భావాల్లో మొదటిది స్తంభం. అది లక్షణశుద్ధిగా జరుగుతోంది. సోజు సారా నాలుగు గుక్కలు పడగానే ఒళ్లు తెలియకుండా వాలిపోవడం ప్రళయం, అంటే మూర్ఛ. అతడు ఆమెను వీపు మీద మోసుకుపోవడం మాత్రం మన శాస్త్రంలో లేదు, చేర్చుకోవచ్చు.

5. ధ్వని. ఆలంకారికులు వస్తుధ్వని అన్నది వేరు, ఇక్కడి వస్తుధ్వని వేరు. కథ నడుమ వస్తువులను చూపించి డబ్బు తీసుకోవచ్చని కొరియా 2010లో చట్టం సవరించుకుంది. అప్పటినుంచి విరహంలో ఉన్న నాయిక కూడా సబ్‌వే రొట్టె తింటూనే ఏడుస్తుంది. 2016లో వచ్చిన 'డిసెండెంట్స్ ఆఫ్ ద సన్'లో హ్యుందాయ్ కారు తనంతట తాను పోతుంటే ముందు సీట్లలో ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు. ఆ వాక్యానికి వాచ్యార్థం ప్రేమ, వ్యంగ్యార్థం కారు. మౌంట్ రోడ్డులో ఎవరూ ప్రయత్నించకూడదని టీకాకారిణి మనవి.

6. పాఠాంతరాలు. యోకో కామియో అనే ఆవిడ 1992లో జపానులో ఒక బొమ్మల కథ మొదలుపెట్టింది: పేద పిల్ల, నలుగురు కోటీశ్వరుల కొడుకులు, ఒక బడి. అది 2001లో తైవానులో, 2005లో జపానులో, 2009లో కొరియాలో సీరియలైంది. కొరియా పాఠం 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' తమిళం తొడుక్కుని పుదుయుగం టీవీలో మా ఇంటికి వచ్చింది. నాలుగు పాఠాలూ పోల్చి చూస్తే తేలేది ఇది: జపాను పిల్ల గట్టిది, కొరియా పిల్లవాడి జుట్టు గట్టిది, తమిళ పాఠంలో గొంతులు అందరికంటే గట్టివి.

7. "చెప్ప డొకటి." పద్యానికి ప్రాణం ఇక్కడుంది. 2019 డిసెంబరులో మొదలైన 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ' చూడండి. దక్షిణ కొరియా ధనికురాలు సేరి గాలివాటున సరిహద్దు దాటి ఉత్తరాన పడుతుంది. అక్కడి సైనికాధికారి దాచిపెడతాడు. ఆమె ఒకసారి సువాసన కొవ్వొత్తి అడిగితే మామూలు కొవ్వొత్తి తెచ్చి ఇస్తాడు. తర్వాత ఒకనాడు చీకటి పడ్డ సంతలో ఆమె దారి తప్పి, బిక్కమొహం వేసుకుని నిలబడిపోతుంది. జనం తలల మీదుగా ఒక చెయ్యి లేస్తుంది, చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి. ఈసారి వాసన వచ్చేదే తెచ్చాను అన్నంత మటుకే అతడి మాట.

"ఇంకా చెప్పడేమే వీడు?" అన్నారు అత్తగారు.

"చెప్పాడుగా అత్తయ్యా."

"ఎప్పుడూ?"

"కొవ్వొత్తి పైకెత్తినప్పుడు."

ఆవిడ మాట్లాడలేదు. కాసేపాగి వెనక్కి తిప్పి మళ్లీ వెయ్యమన్నారు.

జపానువారు ఇంకా పొదుపరులు. కొరియావారు పదహారు భాగాల్లో చెప్పేది వారు పది పదకొండింటిలో ముగించి లేచిపోతారు. వెనకాల సంగీతం కూడా అంతగా దంచరు. నా పక్షపాతం అటే.

8. లారి. లారికి మన పేరు దుర్వాసుడు. భారతంలోని దుష్యంతుడు శకుంతలను ఎరిగుండే ఎరగనంటాడు. అలాంటివాణ్ణి నాయకుడిగా పెట్టుకోవడం ఇష్టంలేక కాళిదాసు మధ్యలో శాపం తెచ్చి, ఉంగరం పోగొట్టి, తప్పంతా ముని మీదికి నెట్టాడు. లారి చేసే పనీ అదే. 2002లో వచ్చిన 'వింటర్ సొనాటా'లో ఒక ప్రమాదంతో నాయకుడి జ్ఞాపకం పోతుంది, మరో ప్రమాదంతో తిరిగొస్తుంది, చివరికి చూపు పోతుంది. మరుసటి ఏడు అది జపానులో ప్రసారమైతే అక్కడి నడివయసు ఆడవాళ్లు నాయకుడు బే యోంగ్‌జున్‌ను దేవుణ్ణి చేసుకున్నారు. జపానులో తయారైన 'ఫస్ట్ లవ్' (2022) నాయికకూ ప్రమాదం తప్పలేదు, మరపు తప్పలేదు. కానీ అక్కడ లారి కథకు పునాది. ఇద్దరు ఎదిగి, విడిపోయి, ఆమె సప్పొరోలో టాక్సీ నడుపుకుంటూ బతకడం, అన్నీ ఆ మరపు మీదే లేచాయి. పునాదిలో ఉన్న లారి వేరు, సరుకు అయిపోయాక పన్నెండో భాగంలో తోలుకొచ్చే లారి వేరు.

శంక, సమాధానం

ప్రేమకు అడ్డంకి లేకపోతే కథే లేదు, లారి వద్దంటే ఏం పెట్టాలి అని శంక.

సమాధానం మా ఇంటికి దగ్గర్లో వడపళనిలోనే ఉంది. 1955లో విజయావారు తీసిన 'మిస్సమ్మ'లో అప్పాపురం బడికి భార్యాభర్తలైన టీచర్లు కావాలి. నిరుద్యోగి అయిన హిందువు, అప్పు తీర్చవలసిన క్రైస్తవ పిల్ల ఉత్తుత్తి మొగుడూపెళ్లాలుగా చేరతారు. అడ్డంకి ఉద్యోగం, మతం, అప్పు. అన్నీ ఆనాటి మద్రాసు వీధుల్లో తిరిగినవే. ఆమె తప్పిపోయిన జమీందారు కూతురని చివర్లో తేలడం లారికి తమ్ముడే, కాదనను. ఈలోగా చూడవలసిందంతా మనం చూసేశాం.

61 ఏళ్ల తర్వాత, 2016లో, జపాను టీవీలో ఒక సీరియల్ వచ్చింది. దాని సారాంశం ఉద్యోగంగా పెళ్లి. ఉద్యోగం ఊడిన చదువుకున్న పిల్ల ఒక మొహమాటస్తుడైన ఇంజనీరు ఇంట్లో పనికి కుదిరి, జీతం మాట్లాడుకుని కాగితం మీద భార్య అవుతుంది. మంగళవారం కౌగిలింత రోజని ఇద్దరూ ఒప్పందం రాసుకుంటారు. "మంగళవారమా! ఇంకో రోజే దొరకలేదుటే?" అని మా అత్తగారి అభ్యంతరం. చివరికి అతడు నిజమైన పెళ్లి మాట ఎత్తితే ఆమె మురిసిపోదు. పెళ్లయ్యాక ఇదే చాకిరీ ప్రేమ పేరుతో ఊరికే చేయించుకుంటారు కదా అని నిలదీస్తుంది. ఆ మాటకు తెరమీద ఇంజనీరు తెల్లబోయాడు. తెర ఇవతల ఒకాయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇన్నేళ్ల నా జీతం బాకీ లెక్క వేస్తానేమోనని ఆయన భయం.

కనుక సిద్ధాంతం: అడ్డంకి లోకంలోంచి రావాలి, రోడ్డు మీదినుంచి కాదు. సరిహద్దు కంచె, ఇంటిచాకిరీకి లేని వెల, అప్పు, మతం, ఇవి చాలినంత ఉన్నాయి. కొవ్వొత్తి పట్టినవాడి కథలో ముగింపున కూడా కంచె లేవలేదు. ఏటా రెండు వారాలు స్విట్జర్లాండులో కలుసుకోవడంతో సరిపెట్టుకున్నారు. అందుకే అది నిలిచింది. లారి లేకుండా పదకొండో భాగం దాటిన నాటకం ఉత్తమం. మొదటి భాగంలోనే లారి వచ్చి వెళ్లిపోయింది మధ్యమం. తక్కినవి ఇస్త్రీ చేసుకుంటూ చూడదగినవి.

ఫలశ్రుతి

ఈ టీకను నిద్రకు ముందు పఠించినవారు పదకొండో భాగం దగ్గర టీవీ కట్టివేయు ధైర్యము పొందుదురు. కట్టలేనివారు మగువతో పాటు ఏడ్చి, మర్నాడు ఆఫీసులో ఆవులించుదురు. మా అత్తగారి వంటి రసజ్ఞులు లారీని శాపనార్థాలు పెట్టి, పదహారో భాగము దాకా చూచి, "పిల్లవాడు మంచివాడేనమ్మా, రాసినవాళ్లదే తప్పు" అని తీర్పు చెప్పి, తరువాతి దానిని పెట్టుమందురు.