గీత గురించి ఒక మనవి

పరిశోధన విభాగం పెద్దలకు,

విశ్వవిద్యాలయం గేటు ఎదురుగా డీటీపీ, బైండింగు చేసుకుని బతికే మనిషి నమస్కరించి రాసుకున్న విన్నపం.

మీ కొత్త సర్క్యులర్ చూశాను. సిద్ధాంత గ్రంథం పేరులో అడ్డగీతకు అటొక ఖాళీ, ఇటొక ఖాళీ ఉండాలన్నారు. చిత్తం. 'ఫలానావారి నవలలు - స్త్రీ పాత్రలు', 'ఫలానా కావ్యం - సమగ్ర పరిశీలన' అని కొట్టీ కొట్టీ మా కీబోర్డులో ఆ మీట మీద గుర్తే చెరిగిపోయింది. నవలలకూ స్త్రీ పాత్రలకూ సంబంధమేమిటో ఆ గీతే చెప్పాలి. 'నవలల్లో' అంటే తీరిపోయేదే. కానీ అప్పుడు డాక్టరేటు కళ రాదు కాబోలు!

నా గోల అది కాదు. తగువు నిజంగా ఉన్నచోట మీరు నోరు విప్పడం లేదు. మొన్నొక అమ్మాయి 'ప్రాచీన సాహిత్య విమర్శ' అని శీర్షిక తెచ్చింది. ప్రాచీనమైనది సాహిత్యమా, విమర్శా? 'ప్రాచీనసాహిత్య విమర్శ' అంటే నన్నయ మీద నిన్న రాసిన వ్యాసమూ అందులోకి వస్తుంది. 'ప్రాచీన సాహిత్యవిమర్శ' అంటే ఆలంకారికుల గడప తొక్కాలి. గైడుగారి మనసులో ఉన్నది మొదటిది. సెమినార్‌కొచ్చిన పెద్దాయన రెండోదనుకుని ఆనందవర్ధనుణ్ణి వదలనేలేదు. పిల్ల బిక్కమొహం వేసుకుని మా షాపుకొచ్చింది.

ఇంగ్లీషువాళ్లు ఇలాంటివి గీతతో తేలుస్తారు. అక్కడా అది నిలకడ మీద లేదు లెండి. షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2007 కూర్పులో సుమారు 16,000 మాటల్లో గీతలు ఎగిరిపోయాయి. మనకు గీతతో పనేముంది? ఏ మాట దేనికి చెందుతుందో దానితో కలిపి రాస్తే చాలు. తాటాకుల మీద అన్నీ కలిపే రాసుకున్నాం. అలాగని 'ఆధునికతెలుగుకవిత్వవిమర్శ' అని గుక్కతిప్పుకోకుండా కొట్టమంటే చదివేవాడు పోతాడు. ఎక్కడ కలపాలి, ఎక్కడ ఆపాలి అన్నదే మీరు చెప్పాల్సింది.

పైగా గ్రంథాలన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో శోధగంగ భాండాగారానికి ఎక్కించాలి కదా. ఒక అధ్యాయంలో 'భాషాశాస్త్రం', మరో అధ్యాయంలో 'భాషా శాస్త్రం' అని ఉంటే, ఒకటి కొట్టి వెతికినవాడికి రెండోది తగలదు. సర్క్యులర్‌లో దీనికి ఒక్క వాక్యం చోటు దొరకలేదా?

ఆ అమ్మాయి అట్టకు శుక్రవారం బంగారు అక్షరాలు అద్దాలి. ఈలోగా సెలవిస్తే సరే. లేదంటే అట్ట మీద కలిపి, లోపలి పేజీలో విడదీసి వేసేస్తాను. ఇన్నాళ్లూ మీరు సంతకం పెట్టినవన్నీ అలాంటివే.

చిత్తగించవలెను.