పెర్ల్‌లో సెక్షన్ల ఫైల్: పాటించకూడని ఐదు సలహాలు

టెక్స్ట్ ఫైళ్లను చదివి, కావలసింది ఏరి, రిపోర్టులు తీయడానికే లారీ వాల్ 1987లో పెర్ల్‌ను తెచ్చాడు. సాంబా సర్వర్ సెట్టింగుల ఫైలే చూడండి. చదరపు బ్రాకెట్లలో గ్లోబల్, హోమ్స్, ప్రింటర్స్ లాంటి పేర్లుంటాయి, ఒక్కో పేరు కింద దాని సెట్టింగులు. ఇలాంటి ఫైల్ చదవబోయే కొత్తవారికి అందే సలహాల్లో కొన్ని ఎర్రర్ కూడా రానివ్వకుండా తప్పు ఫలితం చూపిస్తాయి. వాటిని నమ్మకండి.

1. "ఫైల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి లాగెయ్."
చిన్న ఫైలుకు పర్వాలేదు. ఇదే అలవాటై గిగాబైట్ల లాగ్ ఫైల్ ఎదురైతే మెమరీ చాలదు. వైల్ లూప్‌లో లైను తర్వాత లైను చదవండి. ఒకసారికి ఒక సెక్షన్ చేతిలో ఉంటే సరిపోతుంది.

2. "ఖాళీ లైను వస్తే సెక్షన్ అయిపోయినట్టే."
ఒకసారికి చదివే భాగం ఎక్కడ ముగుస్తుందో చెప్పే $/ అనే వేరియబుల్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇస్తే పెర్ల్ పేరాల వారీగా చదువుతుంది, నిజమే. కానీ సాంబా ఫైల్లో సెక్షన్ మధ్యలోనూ ఖాళీ లైన్లు ఉండొచ్చు. పైగా కంటికి ఖాళీగా కనిపించే లైనులో ఒక్క స్పేస్ ఉన్నా పెర్ల్ దాన్ని ఖాళీ అనుకోదు. బ్రాకెట్ పేరునే హద్దుగా పట్టుకోండి.

3. "$/ ను ప్రోగ్రామ్ మొదట్లోనే మార్చేసెయ్."
అది గ్లోబల్ వేరియబుల్. మీరు వాడుకునే మాడ్యూళ్లు చదివే ఫైళ్లు కూడా ఆ మార్పుకు లోబడతాయి. మార్చక తప్పకపోతే ఒక బ్లాక్ లోపల 'లోకల్' పెట్టి మార్చండి.

4. "కొత్త పేరు రాగానే పాత సెక్షన్ ప్రింట్ చెయ్, చాలు."
చాలదు. చివరి సెక్షన్ తర్వాత ఇంకో పేరు రాదు కాబట్టి అది లోపలే ఉండిపోతుంది. తరచూ జరిగే పొరపాటు ఇది. ప్రింట్ చేసే పనిని ఒక సబ్‌రొటీన్‌గా రాసి, లూప్ ముగిశాక మరోసారి పిలవండి.

5. "అన్నీ హాష్‌లో వెయ్, ఫైల్లో ఉన్న వరసలోనే వస్తాయి."
రావు. 2013లో వచ్చిన పెర్ల్ 5.18 నుంచి హాష్‌లోని వరస ఒక్కో రన్‌కు ఒక్కోలా ఉండొచ్చు. పేర్ల వరసను వేరే అర్రేలో దాచుకోండి. హాష్‌లో సెక్షన్ పేరుకు దాని లైన్లను ఒక్కొక్కటిగా నేరుగా అసైన్ చేస్తే చివరిది మాత్రమే మిగులుతుంది, ఆ పేరు కింద ఒక అర్రే ఉంచి అందులోకి పుష్ చేయండి.

కోడ్ రాయకముందే రెండు చిన్న ఫైళ్లు తయారు చేసుకోండి: ఒకే ఒక్క సెక్షన్ ఉన్నది ఒకటి, సెక్షన్ మధ్యలో ఖాళీ లైన్లున్నది ఒకటి. రెండిటిలోనూ లోపలికి వెళ్లిన ప్రతి సెట్టింగూ దాని సెక్షన్‌లోనే బయటికి వచ్చాకే అసలు ఫైల్ జోలికి వెళ్లండి.