నివేదికకు బీరువా యోగం

మన దేశంలో పుట్టిన ప్రతి నివేదిక జాతకంలోనూ ఆవిష్కరణ యోగం ఉంటుంది, బీరువా యోగం ఉంటుంది. అమలు యోగం మాత్రం ఏ కోటిలోనో ఒకదానికి.

కొత్త మందో, మిషనో, ఆపరేషనో వస్తే, దానిమీద పెట్టే రూపాయికి జనానికి దక్కే ఆరోగ్యమెంతో తేల్చేదే ఆరోగ్య సాంకేతికతల మదింపు. కేంద్రం 2017లో హెచ్‌టీఏఇన్ పేరుతో ఈ పని మొదలుపెట్టింది. తొలినాళ్లలో చేపట్టిన అంశాల్లో శుక్లాల ఆపరేషన్ ఒకటి. చిన్న కోతతో ఆపరేషన్, మడతపడని పీఎంఎంఏ లెన్స్: సర్కారు సొమ్ముకు ఇదే గిట్టుబాటని తేల్చారు. దీనికి శుక్లాన్ని లోపలే ముక్కలుచేసి లాగేసే ఖరీదైన ఫేకో మిషన్ అక్కర్లేదు. లెన్సుల కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు, మదురైలో ఆరోల్యాబ్ 1992 నుంచీ చౌకగా తయారుచేస్తోంది.

ఇంకేం కావాలి? కొబ్బరికాయ కావాలి. మిషన్ కొంటే రిబ్బన్ కత్తిరించొచ్చు, పసుపు కుంకుమ పెట్టొచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. చిన్న కోతకు ప్రారంభోత్సవం ఎలా చేస్తాం? అందుకే నివేదిక మీద "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని రాసి పై అధికారికి పంపుతారు. ఆయనా అదే రాస్తాడు. ఒకటీ అరా సిఫార్సు గట్టెక్కితే, అది దాని అదృష్టం.

ఇక ప్రైవేటు కంటాసుపత్రికి రండి. కౌన్సెలర్ అమ్మాయి లామినేషన్ కార్డు మీద పెన్ను జారుస్తూ, "ఇది ప్రీమియం అంకుల్, ఇది ఇంపోర్టెడ్, ఇది... మామూలుది" అంటుంది. ఆఖరి మాట దగ్గర గొంతు తగ్గుతుంది, ఏదో చావు కబురు చెబుతున్నట్టు. పెద్దాయన కొడుకు వైపు చూస్తాడు. కొడుకు భార్య వైపు చూస్తాడు. నాన్నకు మామూలుది వేయించారని రేపు చుట్టాలంటే? ఫోన్‌పే మోగుతుంది. కంటికి మసకేసినా పరువు బాగానే ఆనుతుంది. ప్రీమియం ఎవరికీ పనికిరాదని కాదు. అదనంగా కట్టే సొమ్ముకు అదనంగా వచ్చే చూపెంతో ఆ కార్డులో ఉండదు, రేటే ఉంటుంది.

ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ 1999 నుంచీ ఈ లెక్కలే కడుతోంది. అది మదింపు చేసి ఏదైనా చికిత్సకు సరేనంటే, సాధారణంగా మూడు నెలల్లో ప్రభుత్వ వైద్య సేవ డబ్బు కేటాయించి తీరాలి. 2002 నుంచీ ఇదే నిబంధన. మన సిఫార్సుకు అలాంటి గడువు లేదు. అది సలహా మాత్రమే. సలహా చెప్పినవాడికి కాఫీ ఇస్తాం, శాలువా కప్పుతాం, పంపేస్తాం.

ఏలినవారికి ఒక్క మనవి. కొత్త సంస్థలొద్దు, కమిటీలొద్దు. కొనుగోలు ఫైలులో ఒక్క గడి చేర్చండి: "మదింపు ఏం చెప్పింది? పాటించకపోతే కారణమేమిటి?" సంతకంతో జవాబు రాసేదాకా బిల్లు ఆపండి. బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయి.