93వ సెక్షను దొరవారికి యారాడ నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టం 93వ సెక్షను దొరవారి సముఖానికి,

యారాడ కాపురస్తుడు దండాలు పెట్టి రాసుకునే విన్నపం. తమరు చట్టం పుస్తకంలోంచి లేచిపోయి చాలా ఏళ్లయినా, తమ వారసులు, రాజ్యాంగంలోని 356వ అధికరణం గారు కులాసాగానే ఉన్నారు కనక ఈ ఉత్తరం అందుతుందని ఆశ.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో మమ్మల్ని యుద్ధంలోకి దింపారు. శాసనసభల్ని అడిగిన పాపాన పోలేదు. ఆ కోపంతో అక్టోబరు నెలాఖరుకి మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. తమరు గవర్నరు చేతికి పగ్గాలిచ్చి సభకి తాళం వేశారు. తప్పంతా తమదేనని అనను. 215 మంది సభలో 159 మంది కాంగ్రెసు వాళ్లే. అంత బలం పెట్టుకుని అలకపాన్పు ఎక్కితే, బతిమాలడానికి తమరేమైనా పిల్లనిచ్చిన మామగారా!

అసలు సంగతి ఇది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు కొలంబో అయింది, ఆవేళ మా వంతు. జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులేశాయి. కాకినాడకీ ఆ భాగ్యం దక్కింది. అప్పటికి రేవు తెరిచి పదేళ్లు కాలేదు. సింధియా వారి షిప్‌యార్డుకి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాదైనా నిండలేదు. జనం మూటాముల్లె సర్దుకుని పట్నం వదిలి పోయారు. కొండకి అటు రేవు, ఇటు మా యారాడ. బాంబుకి కొండ అడ్డమా?

విమానాల కబురు ముందుగా ఎవరికి తెలుసు? తెలిస్తే మాకెందుకు చెప్పలేదు? ఊరొదిలిన వాళ్లకి బియ్యం ఎవరిస్తారు? వేటకెళ్లే పడవల గతేమిటి? పోయినవాళ్ల ఇంటికి సర్కారు ఎంతిస్తుంది? ఇలాంటివి నిలదీయడానికే కదా సభలో ప్రశ్నల గంట పెట్టింది. సభ లేదు. ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చేసరికి నిలదీయగల నోళ్లు చాలామటుకు జైళ్లకెళ్లాయి.

యుద్ధంలో సభలేమిటంటారా? మరి తమ పుట్టినిల్లు వెస్ట్‌మినిస్టర్ మాటేమిటి? 1941 మేలో జర్మనీ బాంబులకి కామన్స్ మందిరం కూలితే, లార్డ్స్ హాల్లో సర్దుకుని మరీ వాదించుకున్నారు. అంతకి ఏడాది ముందు, యుద్ధం నడుస్తుండగానే, నార్వే మీద చర్చ పెట్టి ప్రధాని ఛాంబర్లేన్‌ని గద్దె దింపారు. అంత దూరం ఎందుకు, ఇక్కడే పంజాబు, సింధు సభలు నడవలేదూ? మా తాళం మాత్రం యుద్ధం ముగిసి, 1946లో ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని అయ్యేనాటికి గానీ ఊడలేదు.

తమ వారసుడూ తక్కువవాడు కాదు. జై ఆంధ్ర ఉద్యమంలో వీధులు మండుతుంటే, 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన పెట్టించి, సభని సుప్తచేతనావస్థలో పడుకోబెట్టాడు. డిసెంబరు 10 దాకా లేపలేదు. రాష్ట్రం ఒకటా రెండా అన్న గొడవ వీధికీ ఢిల్లీకీ మధ్యే నడిచింది.

చివరగా ఒక చిన్న కోరిక. 1942 నాటి ఆ జపాను బాంబు తొడుగొకటి విశాఖ మ్యూజియంలో ఉంది. దాని పక్కన, ఆ దాడి మీద ఆ ఏడాది మద్రాసు శాసనసభలో జరిగిన చర్చ నకలు కూడా పెడితే బాగుంటుందని మా ఊరివాళ్ల అభిప్రాయం. దయచేసి ఒక ప్రతి పంపించగలరు. పోస్టు ఖర్చులు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
యారాడ కాపురస్తుడు