గిట్టుబాటు శాస్త్రం: జీగెన్ అధ్యాయం

ఎవరి పని వారు తెచ్చుకొని, ఒకే కార్యాలయంలో బల్లలు పంచుకొని, అందుకు నెలనెలా చందా కట్టే ఏర్పాటును కో-వర్కింగ్ అంటారు. 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ మొదలుపెట్టిన ఈ పద్ధతి వెంట ఒక ఉపవిద్య కూడా పుట్టింది. చందా కట్టాలని ముందే నిశ్చయించుకున్నవారు అది లాభమేనని అంకెలతో రుజువు చేసుకునే ఆ విద్యను గిట్టుబాటు శాస్త్రమనవచ్చు. సుమారు లక్ష జనాభా గల జర్మన్ పట్టణం జీగెన్ దీని అధ్యయనానికి అనువైన క్షేత్రం. ఎందుకంటే అక్కడి విశ్వవిద్యాలయంలో మెకట్రానిక్స్ వంటి కోర్సులు ముగించి, ఉద్యోగాన్వేషణకు లభించే 18 నెలల అనుమతిపై నిలిచిపోయిన విదేశీ పట్టభద్రునికి, అద్దెగదిలో కూర్చుని దరఖాస్తులు పంపడం కంటే ‘ఆఫీసుకు వెళ్లి’ పంపడం మర్యాదగా తోస్తుంది.

రోజు టికెట్టు 15 యూరోలు, నెల చందా 150 యూరోలు అనుకుంటే, పది రోజులు వెళితే చాలు, పదకొండో రోజు నుంచి కుర్చీ ఉచితమేనన్నది ఈ శాస్త్రపు ప్రథమ సూత్రం. చందాను రోజు టికెట్టుతో పోల్చిన శాస్త్రజ్ఞుడు, అదే ఊళ్లో కానీ ఖర్చు లేకుండా కూర్చోనిచ్చే విశ్వవిద్యాలయ గ్రంథాలయంతో మాత్రం ఎన్నడూ పోల్చడు. విద్యార్థికి నెల గడవడానికి ఇంత చాలునని జర్మన్ ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుంచి లెక్కగట్టిన మొత్తం 992 యూరోలు కాగా, అందులో దాదాపు ఏడో వంతు కుర్చీకే పోతుందన్న సంగతి కూడా సూత్రంలో కనిపించదు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు దొరకక అశోక్‌నగర్ స్టడీ హాలుకు డబ్బు కట్టే గ్రూప్స్ అభ్యర్థి ఇంతకంటే నిజాయితీపరుడు. అతడు కొన్నది కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దమే తప్ప ‘కమ్యూనిటీ’ కాదని అతనికి తెలుసు.

ద్వితీయ సూత్రం మరింత లోతైనది: చందా ఎలాగూ పన్నులో తిరిగివస్తుంది. నిజానికి తిరిగివచ్చేది చందా కాదు, దానిపై పడవలసిన పన్ను మాత్రమే. 30 శాతం పన్ను కట్టేవానికి 150లో 45 యూరోలు మిగిలితే, తక్కిన 105 పోయినవి పోయినట్టే. వార్షికాదాయం 12,096 యూరోలు దాటనివానికి 2025లో ఆదాయపు పన్నే లేదు గనుక ఆ ఏడాది తిరిగివచ్చేదీ లేదు. ఖర్చు ఆదాయాన్ని మించితే ఆ నష్టాన్ని రాబోయే సంవత్సరాల ఆదాయంలో చూపుకొనే వీలుందన్నది నిజమే, కాకపోతే ముందు ఉద్యోగం రావాలి. ఇంటి నుంచే పనిచేసే రోజుకు 6 యూరోల చొప్పున, ఏడాదికి 1,260 యూరోల వరకు ఆదాయం నుంచి తగ్గించుకోనిచ్చే నియమం కూడా ఉన్నది. సొంత బల్ల దగ్గర కూర్చున్నందుకు లభించే ఈ తగ్గింపును మాత్రం శాస్త్రజ్ఞులు ప్రస్తావించరు, బహుశా అందులో కాఫీ యంత్రం లేనందువల్ల.

ఇక పరిచయాల వాదం. ఎదుటివాడు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని, ‘హలో’కు తల పంకించి మళ్లీ తెరలోకి జారుకునే గదిలో వ్యాపార బంధాలు వికసిస్తాయని కరపత్రాలు చెబుతాయి. ఉమ్మడితనం జీగెన్ ప్రాంతానికి కొత్త కాదు: హౌబెర్గ్ అనే ఉమ్మడి అడవిని భాగస్వాములు వంతులవారీగా నరికి, ఇనుప కొలుములకు బొగ్గు, తోళ్లు ఊనేవారికి ఓక్ బెరడు అందించి, నరికిన నేలలో రై పండించుకునేవారు, దానికి 1879లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఆ భాగస్వామి ఇంటికి కట్టెలు చేరేవి, ఈ సభ్యునికి వైఫై పాస్‌వర్డు చేరుతుంది.

చివరకు చందా మానుకోదలచినవానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఆన్‌లైన్ ఒప్పందాలను వెబ్‌సైట్‌లోనే మీట నొక్కి రద్దు చేసుకునే హక్కును 2022 జూలై నుంచి జర్మన్ చట్టం వినియోగదారులకే ఇచ్చింది. ‘వ్యాపారావసరం’ అని రాసి సంతకం పెట్టినవాడు ఆ కోవలోకి రాడు. ఏ వ్యాపారి హోదా కోసం అతడు నెలనెలా చందా కట్టాడో, దానిని మారుమాటాడకుండా గుర్తించేది ఈ ఒక్క నిబంధనే.