సిల్వర్ ఓక్ మీంచి పడ్డాక

నా కాళ్లు పోయాయని ఊరంతా జాలిపడింది. నేనూ కాళ్ల కోసమే ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. నా దిగులు వేరు. పైకి చెప్పుకోలేక ఆ ఏడుపంతా కాళ్ల ఖాతాలో రాసేశాను.

అరకులో మా కాఫీ తోటకు సిల్వర్ ఓక్ చెట్లే నీడ. వాటి మీదికే మిరియాల తీగ పాకిస్తాం. మిరియాలు కోస్తూ జారిపడ్డాను. ఛాతీ భాగంలో 8వ పూస దగ్గర వెన్నుపాము నలిగింది. విశాఖ ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు ‘‘ఇంకేమైనా అడగాలా?’’ అన్నారు. పక్కనే మా మామగారు. ‘‘ఏం లేదండీ’’ అన్నాను. ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెబుతూ, సందేహాలు దాచుకోవద్దర్రా అని పిల్లల్ని కసిరేవాణ్ణి నేనే.

డాక్టరుగార్ని తప్ప అందర్నీ అడిగాను. మా గూడెం పూజారి దిసారి చెప్పాడని కోడిని కోయించాను. శుక్రవారం సంతలో ఎవరో అమ్మిన వేరు పొడి మింగితే విరేచనాలు పట్టుకున్నాయి. మంచం దిగలేనివాడికి విరేచనాలంటే ఏమిటో మా ఆవిణ్ణి అడగాలి.

ఓసారి ఆవిడ మూత్రం గొట్టం పెడుతుంటే అంగం లేచింది. నాకు స్పర్శ తెలియలేదు, కళ్లతో చూశానంతే. ‘‘నరాలు అతుక్కున్నాయి, సంక్రాంతికి నడుస్తా’’ అని చాటించేశాను. సంక్రాంతి వెళ్లిపోయింది. అప్పుడిక అది వట్టి నరాల అదురు, లెక్కలోకి రాదని తేల్చుకున్నాను. రెండు తీర్పులూ తప్పే.

అసలు ఘనకార్యం తర్వాతది. అంగం లేవడానికి వాడే సిల్డెనాఫిల్ మాత్రను మేనల్లుడి చేత రహస్యంగా తెప్పించాను. మింగి, ఆవిణ్ణి వంటింట్లో పడుకోమని పంపేసి, ఒంటరిగా పైకప్పు చూస్తూ ఆవిణ్ణే తలుచుకుంటూ ఉండిపోయాను. తెల్లారింది. ఏమీ జరగలేదు. పొద్దున్నే ‘‘పుట్టింటికెళ్లి మారు మనువు చేసుకో’’ అన్నాను, త్యాగం చేస్తున్నవాడి గొంతుతో.

‘‘నన్నడక్కుండా నువ్వే తేల్చేసినావా? గొట్టం పెట్టడం నేర్పినప్పుడే నర్సమ్మ సెప్పింది, తాకితే లెగుస్తాదని. నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నాను’’ అంది.

సైన్సు మాస్టారికి తెలియనిది ఆవిడకు ముందే తెలుసు!

మళ్లీ విశాఖ వెళ్లాం. డాక్టరుగారు విప్పి చెప్పారు. అంగం లేవడానికి రెండు దారులున్నాయి. మనసులో పుట్టిన కోరిక వెన్నుపాము మీదుగా దిగి, ఛాతీ చివర, నడుం మొదట ఉన్న నాడుల్లోంచి వెళ్తుంది. తాకిడికి స్పందించేది కింద, వెన్ను చివర ఉన్న త్రికంలోని 2, 3, 4 నాడుల దగ్గరే ముగిసిపోతుంది. మెదడు అనుమతి అక్కర్లేదు. బొర్రా దగ్గర కొండచరియ పడితే విశాఖ రైలు ఆగుతుంది గానీ, అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే ఆటోలు ఆగవు కదా! నేను రాని రైలు కోసం రాత్రంతా కూర్చున్నాను. మాత్ర సాయం చేస్తుందే తప్ప తనంతట తాను లేపదు, స్పర్శ కావాలి. ఆ స్పర్శనేమో వంటింట్లోకి తోలేశాను. గుండెకు నైట్రేటు మందులు వాడేవాళ్లు ఆ మాత్ర ముట్టుకుంటే ప్రాణానికే ముప్పట. అదీ అడక్కుండానే మింగాను. త్రికం దగ్గరే దెబ్బ తగిలినవాళ్లకు కథ తిరగబడుతుంది, తాకిడి దారి మూసుకుపోతుంది.

నా సిగ్గు చూసి ఆయన ఓ సంగతి చెప్పారు. 1983లో లాస్ వేగాస్‌లో, మూత్రకోశ వైద్యుల సభలో గైల్స్ బ్రిండ్లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త తనకు తానే ఇంజెక్షన్ చేసుకొచ్చి, వేదిక మీద ప్యాంటు దించి ఫలితం చూపించాడట. ఆయన సభకే చూపించాడు, నేను తెరచాటున ఒక్క మాట అడగలేకపోయాను.

ఇప్పుడు మా కాపురం మునుపటిలా లేదు, మరోలా ఉంది. నడుం కింద నాకేమీ తెలియదు. మెడ, చెవులు మాత్రం ఇదివరకటికంటే చురుకయ్యాయి.

మిగిలింది పిల్లల సంగతి. వెన్ను దెబ్బ తర్వాత వీర్యకణాల సంఖ్య కంటే కదలికే ఎక్కువగా తగ్గుతుందట. 10వ పూసకు పైన దెబ్బ తగిలినవాళ్లలో చాలామందికి వైబ్రేటరుతో వీర్యం తెప్పించవచ్చు. 6వ పూస, ఆ పైన దెబ్బైతే రక్తపోటు ప్రమాదకరంగా ఎగబాకవచ్చు, అందుకే మొదటిసారి డాక్టరు ఎదుటే చేయాలి. ఆ పరీక్షకు వచ్చే నెల రమ్మన్నారు. నేను మళ్లీ నోరు మూసుకుంటే తనే అడుగుతానంది మా ఆవిడ. ఈసారి మామగారు రావడం లేదు.