మూడో కృష్ణుడి శ్రుతి

ఏలూరు, తాడేపల్లిగూడెం, ఆకివీడు, కైకలూరు. ఈ నాలుగూళ్ళ మధ్య ఎక్కడ మైకు కట్టినా, దాని పక్కన ఇనప స్టాండు మీద కీబోర్డు పెట్టుకుని ఒక మనిషి కనిపిస్తాడు. అసలు పేరు ఆధార్ కార్డుకే తెలుసు. జనానికి మటుకు ఆయన కీబోర్డు మాస్టారు. పెళ్ళిచూపుల్లో ‘ఏం చేస్తుంటారు?’ అని అడిగితే ‘ఫీల్డులో ఉన్నానండి’ అన్నాడట. మాగాణి ఉందన్నమాట అని పిల్ల తండ్రి మురిసిపోయాడు. ఆ ఫీల్డులో వరి పండదని పెళ్ళయ్యాక గానీ తెలియలేదు.

మాస్టారి పంచాంగం వేరు. డిసెంబరులో సాయంత్రం సెమీ క్రిస్మస్, రాత్రి అయ్యప్ప పడిపూజ. దేనికి తగ్గ చొక్కా దానికి సంచిలో మడత పెట్టి ఉంటుంది. సంక్రాంతి దాటగానే భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాలు, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర, చైత్రంలో శ్రీరామనవమి పందిళ్ళు, ఆనక పెళ్ళిళ్ళు, చవితి, దసరా. ఆషాఢానికీ మూఢానికీ పురోహితుడు ఎంత దిగులు పడతాడో మాస్టారూ అంతే దిగులు పడతాడు. ఆ రోజుల్లో కీబోర్డు మీద పాత చీర కప్పి, పక్కింటి పిల్లలకు సరళీ స్వరాలు చెబుతాడు.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే వెనక సన్నగా స్ట్రింగ్స్ వినిపిస్తాయి. హరికథలో సీతమ్మ అశోకవనంలో కూర్చున్నప్పుడూ అవే స్ట్రింగ్స్. రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు మెట్లెక్కుతున్నప్పుడూ అవే. టోన్ నంబరు ఒకటే, రేటే వేరు. గూడెంలో నిట్ కుర్రాళ్ళు కాలేజీ ఫంక్షన్‌కి మాట్లాడ్డానికొచ్చి ‘మీది ఏ జానర్ అన్నా?’ అన్నారు. ‘జనరేటర్ మీరే పెట్టుకోవాలి తమ్ముడూ’ అన్నాడు మాస్టారు.

అయితే ఆయన విద్య చూడాలంటే రాయబారం నాటకం రోజున చూడాలి. తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ విజయాలు రాసినప్పుడు కృష్ణుడు ఒక్కడే. మన ఊళ్ళలో ముగ్గురుంటారు. వేషం కావాలన్నవాళ్ళు ఎక్కువ, రాత్రి ఒక్కటే కాబట్టి సీన్లు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడిది ఐదు శ్రుతి, రెండో కృష్ణుడిది నాలుగున్నర. మూడో కృష్ణుడు కైకలూరు పక్కన చేపల చెరువుల ఆసామి. ఎదురు డబ్బిచ్చి కిరీటం పెట్టుకున్నవాడు.

‘మీ శ్రుతెంతండీ?’ అని మేకప్ దగ్గరే అడిగాడు మాస్టారు.

‘ఎంతైనా పర్లేదండీ ఆయ్, మీరు కానిచ్చెయ్యండి!’

పద్యం నాలుగున్నరలో ఎత్తుకున్నాడు. రెండో పాదానికే గొంతు నాలుగు వైపు జారడం మొదలెట్టింది. మాస్టారి కుడిచెయ్యి రాగం వాయిస్తూనే ఉంది, ముఖం భక్తిగా ఆకాశం వైపే ఉంది. కృష్ణుడు ఊపిరి తీసుకునే సందులో ఎడమచేతి చూపుడువేలు మటుకు మెల్లగా ట్రాన్స్‌పోజ్ బటన్ మీదికెళ్ళి మైనస్ ఒకటి నొక్కింది. ఇంతలో జనంలోంచి ‘వన్స్ మోర్’ అని ఈల పడింది. ఆ హుషారుకి గొంతు మళ్ళీ నాలుగున్నరకి ఎగిరింది. వేలు మళ్ళీ ప్లస్ ఒకటి నొక్కింది. ఇలా తెల్లవారుజాము దాకా కృష్ణుడు పాండవుల కోసం, మాస్టారు కృష్ణుడి కోసం రాయబారం నడిపారు.

తెర పడ్డాక ఆసామి కిరీటం తీసి అన్నాడు: ‘చూశారాండీ, సూదిమొనంత కూడా శ్రుతి జారలేదు!’

‘మీది గంధర్వ గాత్రమండీ’ అని కవరు అందుకున్నాడు మాస్టారు.

జిల్లాలో పెద్దమనుషుల గుట్టు ఆడిటర్‌కి సగమే తెలుసు. మిగతా సగం ఈయన వేలికి తెలుసు. ఎక్కడా నోరు జారడు గనకే మళ్ళీ మళ్ళీ పిలుస్తారు.

గిట్టనివాళ్ళూ ఉన్నారు. ‘కీబోర్డు మీద గమకం పలుకుతుందా?’ అంటారు పాత హార్మోనిస్టులు. ‘1969లో మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తానంటే ఇలాగే అన్నారండి’ అని జవాబిచ్చి, పిచ్‌బెండ్ చక్రం మీద బొటనవేలేసి తోడిరాగాన్ని అటూ ఇటూ ఊపుతాడు. ఊగినంతా గమకం కాదని హార్మోనిస్టుకీ తెలుసు, మాస్టారికీ తెలుసు. మైకాపరేటరు మటుకు తల ఊపుతాడు.

లాస్ ఏంజెలిస్‌లో 1960లలో రెకింగ్ క్రూ అని స్టూడియో వాద్యగాళ్ళ జట్టు ఉండేది. 1966లో బీచ్ బాయ్స్ తెచ్చిన పెట్ సౌండ్స్ ఆల్బంలో వాద్యాలు చాలామటుకు వాళ్ళవే. పేరు మాత్రం పాడినవాళ్ళకొచ్చింది. ఈ సంగతి చెబితే మాస్టారు చప్పరించేశాడు. ‘ఏసీలో కూర్చుని వాయించారు గదండీ. మా లంకల్లో దోమల మధ్య, వోల్టేజీ డిమ్మయినప్పుడు వాయించమనండి.’

పేమెంటుదీ ఒక కథే. కొల్లేటి ఊళ్ళలో సగం నోట్లు, సగం చేపలు. ప్రోగ్రాం బాగుంటే కొర్రమీను, ఓ మోస్తరుగా ఉంటే శీలావతి. గూడెంలో ఉల్లిపాయల షావుకారు ‘క్యాష్ రేపిస్తాను, ఇవాళ్టికి ఇది ఉంచండి’ అని బస్తా ఎత్తించాడు. చేపల పులుసుకు కావాల్సినవన్నీ సంగీతమే సమకూర్చిందని మాస్టారి భార్య ఒప్పుకుంటుంది. స్కూలు ఫీజుకి చేప చెల్లదని కూడా అంటుంది. పల్లెవెలుగు బస్సులో కీబోర్డును సీటు మీద పడుకోబెడితే కండక్టరు దానికీ టికెట్ కొడతానంటాడు. ‘వొళ్ళో పెట్టుకుంటానండి, చంటిదే’ అంటాడు మాస్టారు.

ఒకప్పుడు మద్రాసులో పాట రికార్డు చెయ్యాలంటే వాద్యబృందమంతా ఒకేసారి కూర్చుని వాయించేది. కీబోర్డొచ్చి వాళ్ళలో చాలామందిని ఇంటికి పంపింది. మాస్టారి కీబోర్డు దిగిన రోజునా పార్టీలో ఫిడేలు, ఫ్లూటు, క్లారినెట్ ముగ్గురికీ పని పోయింది. ఇప్పుడు పెన్‌డ్రైవు వంతు. ట్రాకు పెడితే ఫిడేళ్ళు ఫిడేళ్ళలాగే మోగుతాయి, కాఫీ అడగవు, బస్సు చార్జీ అడగవు. కిందటేడు నవమి కమిటీవాళ్ళు మాస్టార్ని మానేసి ట్రాకు పెట్టించారు. మొదటి పాట ప్రెసిడెంటుగారిది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, రెండో చరణం మర్చిపోయారు. మాస్టారైతే అక్కడ పిల్లనగ్రోవి టోన్ వేసి, గుర్తొచ్చేదాకా బృందావనమంతా తిప్పుకొచ్చేవాడు. ట్రాకుకి ప్రెసిడెంటని తెలీదు. అది దాని దారిన పోయింది. చరణం గుర్తొచ్చేసరికి పాట అయిపోయింది. నిశ్శబ్దంలో ప్రెసిడెంటుగారి గొంతు ఒక్కటే నాలుగు మైకుల్లో, ఉన్నదున్నట్టుగా, ఊరంతా వినబడింది.

ఈ ఏడు కమిటీవాళ్ళు పానకం బిందె కంటే ముందు మాస్టారింటికొచ్చారు.

‘డైరీ చూసి చెప్తానండి’ అన్నాడు లేని డైరీ వైపు చూస్తూ.

‘మీ పాత రేటు ఇచ్చేస్తామండీ.’

‘వాయించడానికి పాత రేటేనండి. ఆగడానికి వెయ్యి ఎక్స్‌ట్రా.’

కమిటీవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ‘ప్రెసిడెంటుగారు ఈసారి రెండు పాటలు పాడతారంటండీ...’

‘అయితే రెండు వేలండీ.’